పులి-మేక ఆడిన డయాలసిస్ మంచాలు: ఉద్దానం నుంచి ఒక కేస్ స్టడీ

2023 జూన్‌లో యూనిట్ సిస్టర్ నాకో చీటీ పంపింది. "సెషన్లు ఎగ్గొడుతున్నాడు. మాట్లాడడు. నీళ్లు తాగడం ఆపుకోడు. ఒకసారి చూడండి" అని రాసి ఉంది. నేను క్లినికల్ సైకాలజిస్ట్‌ని. శ్రీకాకుళం జిల్లాలో ఒక డయాలసిస్ యూనిట్‌కి వారానికి రెండు రోజులు వెళ్తాను. ఇలాంటి చీటీలు చాలా వస్తాయి. దీన్ని దాచుకున్నాను. ఆ తర్వాతి ఎనిమిది నెలల్లో ఈ మనిషి దగ్గర నేర్చుకున్నది నా పని పద్ధతినే మార్చింది.

ఆయనకి 54 ఏళ్లు. కొబ్బరి రైతు, చిన్నప్పుడు గొర్రెల కాపరి. పేరూ ఊరూ రాయను, పోల్చుకోవడానికి వీలున్న కొన్ని వివరాలు మార్చాను. రాసింది ఆయనకీ ఆయన భార్యకీ చదివి వినిపించాక, ఇద్దరూ సరేనన్నాకే బయటపెడుతున్నాను. యూనిట్‌లో అందరం ఆయన్ని బాబాయ్ అంటాం, ఆమెని పిన్ని అంటాం. ఇక్కడా అవే పేర్లు.

నేపథ్యం

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలని కలిపి ఉద్దానం అంటారు. కొబ్బరి, జీడి, పనస తోటల నేల. దూరం నుంచి చూసినవాళ్లకి కోనసీమ గుర్తొస్తుంది. ఈ ఊళ్లలో దశాబ్దాలుగా కిడ్నీలు పాడవుతున్నాయి. షుగర్ లేనివాళ్లకీ, బీపీ రానివాళ్లకీ వస్తోంది. నీళ్లు పరీక్షించారు, మట్టి పరీక్షించారు, పురుగుమందులు చూశారు, ఎండలో పనిచేసే గంటలు లెక్కపెట్టారు. ఇదే కారణమని ఇప్పటికీ తేలలేదు. మానసికంగా దీని బరువు చాలా ఎక్కువ. "నేనేం చేస్తే వచ్చింది?" అన్న ప్రశ్నకి జవాబు లేనప్పుడు మనిషి నేరం తన మీదే వేసుకుంటాడు.

బాబాయ్‌కి రెండు దెబ్బలు వెంటవెంటనే తగిలాయి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆయన కాపు చెట్లలో మూడొంతులు కూలిపోయాయి. కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఐదారేళ్లు పడుతుంది. మళ్లీ మొక్కలు వేశాడు. అవి నడుమెత్తు ఎదిగేసరికి రక్తంలో క్రియాటినిన్ పెరిగింది, అంటే కిడ్నీలు దెబ్బతింటున్నాయి. 2021 నుంచి డయాలసిస్. ఎడమచేతికి ఫిస్టులా (మిషనుకి రక్తం తీయడానికి ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం), సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దుటి షిఫ్టు, నాలుగేసి గంటలు. మిషను ఖర్చు ప్రభుత్వానిది. నెలకి 10,000 పింఛను వస్తుంది. డబ్బు కష్టం పూర్తిగా పోలేదు గానీ ఆయన బాధ డబ్బు గురించి కాదు.

ఆ ఊళ్లలో "ఫలానావాడు డయాలసిస్ ఎక్కేడు" అంటారు. పాడె ఎక్కినవాడి గురించి మాట్లాడినట్టే ఉంటుంది ఆ మాట. ఎక్కినవాడు ఇంకా ఏళ్ల తరబడి బతుకుతాడని, ఆ ఏళ్లకి పొద్దూ మాపూ ఉంటాయని ఎవరూ అనుకోరు. బాబాయ్ బావమరిది ఇదే జబ్బుతో, ఇదే యూనిట్‌లో చనిపోయాడు.

మొదటి పరీక్షలు

డిప్రెషన్‌ని తొమ్మిది ప్రశ్నలతో కొలిచే పిహెచ్‌క్యూ-9 పరీక్షలో 17 వచ్చింది. 27కి 17 అంటే తీవ్రానికి దగ్గర పడ్డ డిప్రెషన్. డయాలసిస్ మనిషి విషయంలో ఈ అంకెని అలాగే నమ్మేయకూడదు. నీరసం, నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం కిడ్నీ జబ్బు లక్షణాలు కూడా. అందుకే ముందు డాక్టరుగారిని అడిగి హిమోగ్లోబిన్, థైరాయిడ్, డయాలసిస్ చాలుతోందా లేదా అన్నవి చూపించుకున్నాను. హిమోగ్లోబిన్ 8.6. ఐరన్, రక్తం పెంచే ఎరిత్రోపాయిటిన్ ఇంజెక్షన్ల మోతాదు సరిచేశారు. రాత్రిళ్లు కాళ్లు లాగుతూ కదుపుతూనే ఉండాలనిపిస్తుందని నేను అడిగితే గానీ చెప్పలేదు. దానికీ మందు పడింది.

ఇవన్నీ పక్కనపెట్టినా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, దిగులు, తనెందుకూ పనికిరానన్న భావం ఈ మూడింట్లోనూ మూడుకి మూడేసి మార్కులు మిగిలాయి. చావు గురించిన తొమ్మిదో ప్రశ్నకి 1. విడిగా కూర్చోబెట్టి నేరుగా అడిగాను. ఆత్మహత్య చేసుకోవాలన్న ఆలోచన లేదు. "మిషనాపేస్తే పోనీ అనిపిస్తాదమ్మా ఒక్కోపాలి" అన్నాడు. డయాలసిస్ మానేస్తే ఏమవుతుందో ఆయనకి బాగా తెలుసు, కాబట్టి దాన్ని చిన్న మాటగా తీసుకోలేదు. సైకియాట్రిస్టుకి చూపించాం, ఆయన డిప్రెషన్ మందు సెర్ట్రలిన్ మొదలుపెట్టి జులైకల్లా 50 మిల్లీగ్రాములకి తెచ్చారు. పిన్నికి, కొడుక్కి ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ లైన్ టెలీ-మానస్ నంబరు 14416 రాసిచ్చి ఫోన్లలో ఎక్కించాను.

నీళ్ల లెక్క ఇంకో పక్క. ఆయనకి రోజుకి మూత్రం 200 మి.లీ. దాటదు. తాగడానికి 700 మి.లీ. పెట్టారు. నీరు తీసేశాక ఉండాల్సిన బరువు 52 కిలోలు. సెషన్‌కీ సెషన్‌కీ మధ్య రెండు కిలోలు పెరిగితే సర్దుకోవచ్చు. ఈయన నాలుగు పెరిగి వచ్చేవాడు. గంటకి, కిలో బరువుకి 13 మి.లీ. మించి నీరు లాగితే గుండెకి మంచిది కాదు. ఆ లెక్కన ఈయనకి నాలుగు గంటల్లో తీయగలిగేది 2.7 లీటర్లు. నాలుగు లాగబోతే పిక్కలు పట్టేసేవి, బీపీ పడిపోయేది. మూడున్నర గంటలకే "దించేయండి" అని గొడవ. నీరు మిగిలిపోయేది. మరుసటి సెషన్‌కి ఆయాసంతో వచ్చేవాడు, లేదా రానే రాడు. మే, జూన్ నెలల్లో ఆరు సెషన్లు పోయాయి.

గోడ మీది కాగితం

జులైలో వాళ్లింటికి వెళ్లాను. దేవుడి క్యాలెండర్ పక్కన గోడకి ఒక కాగితం అన్నంతో అంటించి ఉంది. తినకూడనివి, తాగకూడనివి: కొబ్బరినీళ్లు, అరటిపండు, పనస, టమాటా, ఆవకాయ, ఎండుచేప, అప్పడాలు... ఇంకా కిందకి చాలా ఉన్నాయి. గ్లాసుడు కొబ్బరినీళ్లలో 500 నుంచి 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. కిడ్నీలు పనిచేయని మనిషికి అది గుండెనే ఆపగలదు. కాబట్టి ఆ కాగితంలో తప్పేమీ లేదు. కాకపోతే ఆ ఇంట్లోంచి ఎటు చూసినా కొబ్బరిచెట్లే కనిపిస్తాయి. ఎండకాలం ఇంటికెవరొచ్చినా కాయ కొట్టి ఇచ్చిన మనిషి ఆయన.

ఈ వృత్తిలో ఉన్న మనమందరం ఆ కాగితం ఇస్తాం. చేయకూడనివి డాక్టరు చెప్తాడు, డైటీషియన్ చెప్తుంది, సిస్టర్ గుర్తుచేస్తుంది, ఇంట్లోవాళ్లు కాపలా కాస్తారు. చేయొచ్చు అని రాసిన కాగితం మాత్రం ఎవ్వరం ఇవ్వం. ఈ కేసులో నేను చేసిందంతా ఆ రెండో కాగితం రాయడానికి పడిన తంటాలే.

దీనికి సిద్ధాంతం కొత్తదేమీ కాదు. అమెరికన్ సైకాలజిస్ట్ పీటర్ లెవిన్సన్ 1970లలోనే చెప్పాడు: మనిషికి సంతోషం తెచ్చే పనులు ఒక్కొక్కటీ రాలిపోతుంటే దిగులు పెరుగుతుంది, దిగులు పెరిగితే మిగిలిన పనులు కూడా వదిలేస్తాడు. మనసు బాగుపడేదాకా ఆగకుండా ముందు పనిని తిరిగి తెస్తే మనసు దాని వెనకే వస్తుంది. దీన్నే బిహేవియరల్ యాక్టివేషన్ అంటాం. గోవాలో సంగాత్ సంస్థ, విక్రమ్ పటేల్ బృందం ఇదే పద్ధతిని మామూలు మనుషులకి నేర్పి, ఆరు నుంచి ఎనిమిది సిట్టింగుల్లో తీవ్రమైన డిప్రెషన్‌ని తగ్గించవచ్చని చూపించారు. 2017 లాన్సెట్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. పెద్ద డిగ్రీలు అక్కర్లేని పద్ధతే, అయినా ఓపికగా అడగడం తెలియాలి. అక్కడే నేను మొదట తప్పు చేశాను.

తప్పిన రెండు నెలలు

జూన్, జులై నా సొంత ఆలోచనలతో వృథా చేశాను. ఇయర్‌ఫోన్స్ ఇచ్చి హాస్య సన్నివేశాలు పెట్టాను. కళ్లు మూసుకున్నాడు. భక్తిగీతాలు పెట్టాను. మర్యాదకి విన్నాడు. గట్టిగా నవ్వే వ్యాయామం చేయిద్దామని చూశాను. పక్క మంచాలవాళ్లు నాకోసం నవ్వారు, బాబాయ్ అటు తిరిగి పడుకున్నాడు. "మీకేం ఇష్టం?" అని అడిగితే "ఏటీ లేదు" అనేవాడు. నిజంగానే లేదు. దిగులు పట్టిన మనిషి బుర్రలో ఇష్టాల జాబితా ఉండదు. ఉందనుకుని అడిగితే, తనకి అది కూడా లేదని ఇంకోసారి తెలుస్తుంది, అంతే.

ఆగస్టు మొదట్లో ప్రశ్న మార్చాను. "బాబాయ్, ఈ వారంలో ఒక్క పూటైనా జబ్బు సంగతి మరిచిపోయారా?"

చాలాసేపు పలకలేదు. తర్వాత అన్నాడు: "మొన్న బుధవారం ఆటోకి గొర్రెల మంద అడ్డొచ్చింది. ఒక పిల్ల కుంటతంది. గిట్ట నడుమ ముల్లుందేమో సూడ్రా అని కాపరోడికి సెప్పాను. తీసేడు."

"ఎంతసేపు చూశారు?"

"ఏమో. పావుగంట. ఆటోవోడు అరిసేదాకా."

ఆ పావుగంట నాకు దొరికిన మొదటి కొస. ఆ రోజంతా గొర్రెల గురించే అడిగాను. గొర్రెలు మేస్తుంటే కాపరి కుర్రాళ్లు ఏం చేసేవాళ్లు? బండరాయి మీద బొగ్గుతో గీసి పులి-మేక ఆడేవాళ్లు. రాత్రుళ్లు? తప్పెటగుళ్లు నేర్చుకునేవాళ్లు. ఛాతీకి రేకు తప్పెట కట్టుకుని, కాళ్లకి గజ్జెలు కట్టుకుని, రెండు చేతులతో వాయిస్తూ ఎగురుతూ పాడే ఆట. మా ఉత్తరాంధ్రలో గొల్లల ఇళ్లలో పుట్టినవాళ్లకి అది తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. ఈయన ఇరవై ఏళ్లు ఆ జట్టులో ఆడాడు. డయాలసిస్ మొదలైన నెలలోనే గొర్రెలు అమ్మేశాడు, తప్పెట అటక ఎక్కించాడు. ఎవరూ ఎక్కించమనలేదు. "రోగిష్టోడికి సరదాలేటని నానే మానేసేను" అన్నాడు.

ఆట

డయాలసిస్‌లో ఫిస్టులా చెయ్యి కదపకూడదు. రెండో చెయ్యి ఖాళీ. నాలుగు గంటలు. పులి-మేకకి ఒక చెయ్యి సరిపోతుంది.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పటం మీద గీతలు కలిసే చోట్లు 23. మూడు పులులు, పదిహేను మేకలు. మేకలవాడు ఒక్కొక్కటే దించుతాడు. పులి మేక మీదుగా దూకితే మేక పోయినట్టు. పులులు కదలకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు. పాత గుళ్ల మండపాల బండల మీద ఈ పటం చెక్కి ఉండటం చాలామంది చూసే ఉంటారు.

పక్క మంచం మీద అదే షిఫ్టులో ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు ఉండేవారు, 61 ఏళ్లు. మాస్టారు అనేవాళ్లం. ఆయనకీ ఆట వచ్చు. ఒక అట్ట మీద పటం గీసి ఇద్దరి మధ్యా స్టూలు వేయించాను. పది నిమిషాల్లో సిస్టర్ వచ్చి తీసేసింది. నాకు కోపం వచ్చింది. ఆమె చెప్పింది విన్నాక నాదే తప్పని ఒప్పుకున్నాను. డయాలసిస్ యూనిట్‌లో హెపటైటిస్ బి, సి ఒకరి నుంచి ఒకరికి పాకే దారులు చాలా ఉంటాయి. కంటికి కనపడని రక్తపు తుంపర ఏ వస్తువు మీదైనా పడవచ్చు. అందుకే ఒక రోగి ముట్టుకున్నది ఇంకొకరి చేతికి పోకూడదన్న నియమం. ఇద్దరు మనుషులు ఒకే గవ్వని, ఒకే గింజని కదిపే ఆట అక్కడ కుదరదు.

దారి చూపించింది మాస్టారే. "చదరంగంలో గళ్లకి పేర్లు ఉంటాయి కదమ్మా, దీనికీ పెట్టుకుందాం" అన్నారు. 23 చోట్లకి 1 నుంచి 23 దాకా అంకెలు వేశాం. రెండు పటాలు గీయించి లామినేషన్ చేయించాను. ఎవరి పటం వారిది, ఎవరి సంచీలో వారిది. పులులకి చొక్కా గుండీలు, మేకలకి కడిగి ఎండబెట్టిన చింతపిక్కలు. ఒకరు ఎత్తు చెప్తారు, ఇద్దరూ తమతమ పటాల మీద కదుపుకుంటారు. చేతులు ముందూ వెనకా శుభ్రం చేసుకోవాలి. సిస్టర్ ఒప్పుకుంది.

తర్వాతి సోమవారం పొద్దున్న ఏడింటికి ఆ హాల్లో "పదకొండులో మేక" అని వినపడింది. కాసేపటికి "నాలుగు నుంచి తొమ్మిదికి దూకు" అన్నారు మాస్టారు. "దూకలేవు మాస్టారూ, ఎనకాల మేకుంది, సూసుకో" అని బాబాయ్. అది ఆయన గొంతేనా అని టెక్నీషియన్ వచ్చి చూశాడు.

మిగతా మంచాలవాళ్లు మెల్లగా పక్షాలు కట్టారు. నేను ఇందులో కలగజేసుకోలేదు. ఒక్క విషయం మాత్రం రాసిపెట్టుకున్నాను: "దించేయండి" అనే గొడవ. జూన్‌లో ఐదుసార్లు ముందే దిగిపోయిన మనిషి ఆగస్టు రెండో వారం నుంచి ఒక్కసారీ దిగలేదు. నాలుగో గంటలో ఆట సగంలో ఉండేది. నీరు పూర్తిగా దిగేది. ఆయాసం తగ్గింది. ఆగస్టు చివర పిహెచ్‌క్యూ-9 మార్కులు 12.

ఇంటి దగ్గర రికార్డు రాసే బాధ్యత తొమ్మిదేళ్ల మనవరాలికి ఇచ్చాం. రోజుకొక వరస: ఎన్ని గ్లాసుల నీళ్లు, ఏం చేశాడు, ఆ రోజుకి తాత వేసుకున్న మార్కులు పదికి ఎన్ని. గ్లాసంటే 100 మి.లీ. పట్టే స్టీలు గ్లాసు. రోజుకి ఏడు.

పిన్ని

ఇక్కడ ఆగి ఒకటి చెప్పాలి. నేను పిన్నితో విడిగా మాట్లాడింది సెప్టెంబర్‌లో. మూడు నెలల ఆలస్యం. ఇప్పుడైతే మొదటి వారమే మాట్లాడతాను.

తప్పెట మళ్లీ దించుదామన్న మాటకి ఆమె ఒప్పుకోలేదు. "ఎగిరితే సెయ్యి ఏటవుతాది? నలుగురూ ఏటంటారు? ఎగరగలిగినోడికి పింఛనెందుకంటారు." ఆమె భయం ఊహ కాదు. అప్పటికే ఎవరో అన్నారట. పింఛను డయాలసిస్‌కి ఇస్తారు, ఏడుస్తున్నందుకు ఇవ్వరు. యూనిట్ రికార్డులు ఉన్నంతకాలం ఎవరేమన్నా ఏమీ కాదని వివరంగా చెప్పాల్సి వచ్చింది. ఇలాంటి ఊళ్లలో రోగి సంతోషంగా కనపడితే అది అబద్ధపు రోగం అయిపోతుంది. చాలామంది సంతోషాన్ని దాచుకోవడానికి ఇదో పెద్ద కారణం, దీన్ని మనం అడగకపోతే వాళ్లు చెప్పరు.

ఆ రోజు పిన్ని ఇంకోటి కూడా చెప్పింది. రెండేళ్లుగా ఆమె ఏ పెళ్లికీ వెళ్లలేదు. ఇంట్లో పనసపొట్టు కూర వండలేదు. ఆయన తినలేనిది తను తినడం ద్రోహమనిపించింది. "ఆయనకి మిషనుంది. నాకేటుందమ్మా?" అని ఏడ్చింది. రోగి సంతోషం గురించి కేసు రాస్తున్నాననుకున్నాను గానీ, ఆ ఇంట్లో సంతోషం మానేసినవాళ్లు ఇద్దరు.

డైటీషియన్‌తో కూర్చుని పనసపొట్టు లెక్క వేశాం. ఉడికించి నీళ్లు వార్చి, మళ్లీ కొత్త నీళ్లలో ఉడికించి వారిస్తే పొటాషియం కొంత పోతుంది. నెలనెలా రిపోర్టులో పొటాషియం అదుపులో ఉంటే పదిహేను రోజులకోసారి, చిన్న కప్పు, డయాలసిస్‌కి ముందురోజు సాయంత్రం. ఇది ఆయన రిపోర్టులు చూసి ఆయనకి మాత్రమే పెట్టిన లెక్క. ఇంకొకరు తమ డాక్టర్ని అడగకుండా దీన్ని పాటిస్తే ప్రాణం మీదకి వస్తుంది. ఆవపెట్టి, తాలింపు వేసి, ఉప్పు వేలికొసంత వేసి పిన్ని వండింది. మనవరాలి పుస్తకంలో ఆ రోజుకి మార్కులు 9. కింద "నాయనమ్మ కూడా 9" అని ఉంది. నేను ఆమెని ఆ వరస అడగలేదు. ఆ పాపే వేసింది.

సంబరం రాత్రి

అక్టోబర్‌లో, దసరా అయ్యాక ఊళ్లో అమ్మవారి సంబరం, శని, ఆదివారాలు. బాబాయ్ చూసి వస్తానన్నాడు. నేను సంతోషంగా సరేనన్నాను. వెళ్లేముందు ఏం చేయాలో ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఆదివారం అర్ధరాత్రి ఊపిరాడక 108లో తెచ్చారు. బరువు 5.1 కిలోలు ఎక్కువ. అత్యవసరంగా మిషన్ మీదకి ఎక్కించారు. బతికాడు. పొద్దున్న నేను వెళ్లేసరికి డ్యూటీ డాక్టరు "మీ సరదా ఎంత పని చేసిందో చూశారా" అన్నారు. ఆయన కోపం న్యాయమైనదే. సోమ, బుధ, శుక్రవారాల రోగికి శుక్రవారం మధ్యాహ్నం నుంచి సోమవారం పొద్దుటిదాకా ఉండే ఎడం వారంలోకెల్లా పొడుగైనది, ప్రమాదమూ ఆ ఎడంలోనే ఎక్కువ. ఇది నాకు తెలిసి ఉండీ, సరిగ్గా ఆ రెండు రోజులకి మనిషిని సంబరానికి పంపాను.

ఏం జరిగిందో గంటగంటకీ రాసుకున్నాం. కడుపు నిండా నీళ్లు తాగలేదాయన. ఒక ఇంట్లో టీ, ఇంకో ఇంట్లో మజ్జిగ, మేనల్లుడు ఆనందంతో కొట్టి ఇచ్చిన సోడా. రెండేళ్ల తర్వాత గుమ్మంలోకి వచ్చిన మనిషికి అందరూ ఏదో ఒకటి పోశారు. వద్దంటే మనసు కష్టపెట్టుకుంటారు. పులిహోర, బజ్జీల్లో ఉప్పు. ఉప్పు దాహాన్ని పెంచుతుంది. నేను సరదాని ఇచ్చాను గానీ, సరదాతోపాటు వచ్చే ఉప్పుని, ఆతిథ్యాన్ని, రాత్రిని లెక్కలోకి తీసుకోలేదు.

పిహెచ్‌క్యూ-9 మళ్లీ 14కి ఎక్కింది. పిన్ని పటాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. యూనిట్‌లో కొందరు ఈ ప్రయోగం ఆపేయమన్నారు. ఆపేద్దామా అని నేనూ రెండు రోజులు ఆలోచించాను. చివరికి బాబాయ్‌నే అడిగాను. "ఊపిరాడని రాత్రి ఒకటి. ఆ ముందు రెండు పూటలూ నాను మడిసినే కదమ్మా" అన్నాడు. ఆ మాటతో ఆపే ఆలోచన మానుకున్నాను. జాగ్రత్తలు కూడగట్టడం మీద పడ్డాం.

కనుమ

సంక్రాంతికి రెండున్నర నెలల టైముంది. 2024లో భోగి ఆదివారం, సంక్రాంతి సోమవారం, కనుమ మంగళవారం. "పండగ పూట మిషనేటి, ఆ సోమారం మానేస్తాను" అన్నాడు మొదట. క్యాలెండర్ ముందు పెట్టుకుని చూశాం. వాళ్ల జట్టు ఆడేది కనుమనాడు. సోమవారం పొద్దున్న నీరంతా తీయించుకుంటే మంగళవారం ఒళ్లు తేలిగ్గా ఉంటుంది. పండగకి అడ్డమనుకున్న మిషనే కనుమకి దారి ఇస్తోంది. ఇది ఆయనకి ఎంత నచ్చిందంటే, మాస్టారికి రెండుసార్లు వివరించాడు.

కిడ్నీ డాక్టరుని, అంటే నెఫ్రాలజిస్టుని అడిగాం. ఎగరడం వద్దు, ఛాతీ మీద తప్పెట వద్దు, ఎడమచేతి మీద దెబ్బ, ఒత్తిడి పడకూడదు, నిలబడి పాడటానికి అభ్యంతరం లేదు అన్నారు. తప్పెటగుళ్ల జట్టుకి నడుమ గురువు ఉంటాడు. ఆయన కథ ఎత్తుకుంటాడు, చుట్టూ ఉన్నవాళ్లు అందుకుంటారు. ఇరవై ఏళ్లు చుట్టూ ఆడిన మనిషి ఈసారి నడుమ నిలబడాలి. పాటలన్నీ ఆయనకి నోటికి వచ్చు. కుర్రాళ్లకి రావు. నవంబర్ నుంచి మంగళ, గురువారాల సాయంత్రాలు అరుగు మీద నేర్పాడు. మొదట్లో పది నిమిషాలకే గొంతు అలిసిపోయేది. సంక్రాంతికి నలభై నిమిషాలు పాడగలిగాడు.

నీళ్లకి ఊరంతటినీ కూడగట్టాం. స్టీలు గ్లాసు జేబులో పెట్టుకుని వెళ్లడం, ఎవరు పోసినా అందులోనే పోయించుకోవడం, గుక్కెడు తాగి "నా వాటా అయిపోయింది" అనడం. ఈ మాట ఆయనే కనిపెట్టాడు. వద్దు అనడం లేదు, వాటా అయిందంటున్నాడు. ఎవరికీ కష్టం కలగలేదు. ఇంటి నుంచి ఉప్పు తక్కువ వేసిన బూరెలూ గారెలూ పిన్ని కట్టి ఇచ్చింది. పాటల మధ్య చప్పరించడానికి నాలుగు ఐసుముక్కలు, అవి కూడా లెక్కలోవే.

కనుమనాడు నేను వెళ్లాను. పొడుగు చేతుల చొక్కా, తలపాగా. పక్కన కుర్చీ వేసి ఉంచాం. రెండుసార్లు కూర్చున్నాడు. కూర్చునే పాడాడు. పిన్ని ఆడవాళ్ల మధ్య నిలబడి చూసింది. రెండేళ్ల తర్వాత ఆమె కట్టిన పట్టుచీర అది. బుధవారం పొద్దున్న తూకం చూస్తే 1.9 కిలోలు పెరిగాడు. ఆ అంకె చూసి సిస్టర్ నాకు ఫోన్ చేసింది. పేరు చెప్పకుండా "ఒకటి పాయింట్ తొమ్మిది" అంది.

లెక్క

ఫిబ్రవరిలో పిహెచ్‌క్యూ-9 మార్కులు 7. తొమ్మిదో ప్రశ్నకి 0. సెప్టెంబర్ నుంచి జనవరి దాకా పోయిన సెషన్లు లేవు. హిమోగ్లోబిన్ 10.4. ఈ బాగు మొత్తం ఆటదీ పాటదీ అని చెప్పడం నిజాయితీ కాదు. సెర్ట్రలిన్ ఉంది, రక్తం పెరిగింది, కాళ్ల లాగుడు తగ్గి నిద్ర కొంత వచ్చింది. కానీ ఆ మందుల్ని క్రమం తప్పకుండా వేసుకోవడం, నాలుగు గంటలు పూర్తిగా మిషన్ మీద ఉండటం మొదలైంది పటం వచ్చాకే. మనవరాలి పుస్తకంలో ఆటగానీ పాటగానీ ఉన్న రోజులు 6కి తగ్గలేదు, ఏదీ లేని రోజులు 4 దాటలేదు.

నిద్ర ఇంకా సరిగ్గా లేదు. దురద ఉంది. మార్పిడికి దాత దొరికే పరిస్థితి ఆ ఇంట్లో లేదు. ఇవి ఆట తీర్చే సమస్యలు కావు, తీరుస్తుందని నేనెవరికీ చెప్పలేదు.

ఈ పని మొదలుపెట్టే తోటివాళ్లకి ఒక విన్నపం. యూనిట్‌లో మగవాళ్లు తొందరగా జట్టు కడతారు. ఆడవాళ్లు కొంగు కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుంటారు, ఆ నాలుగు గంటలూ ఇంటిపని లెక్కలేసుకుంటూ ఉంటారు. వాళ్ల పావుగంట ఎక్కడుందో అడగడానికి ఇంకా ఎక్కువ టైమివ్వాలి. మా దగ్గర ఒకామె ఆర్నెల్ల తర్వాత నోరు తెరిచి, అష్టాచెమ్మాకి కూడా అంకెలు వేయచ్చు కదా అంది. ఎవరి గవ్వలు వాళ్లు వేసుకుని పడ్డది చెప్పుకోవచ్చని తేల్చాం. ఇప్పుడు రెండో షిఫ్టులో అది నడుస్తోంది.

మార్చిలో మాస్టారు తమ ఊరికి దగ్గర్లో ఉన్న సెంటర్‌కి మారిపోయారు. ప్రయాణం తప్పినందుకు ఆయనకి మేలే. బాబాయ్ రెండు వారాలు పటం తీయలేదు. నేను ఇంకొకరిని వెతుకుతుండగా ఒక మంగళవారం సాయంత్రం మాస్టారే ఫోన్ చేసి, పలకరింపు కూడా లేకుండా "పదకొండులో మేక" అన్నారట. రోగాలు అంటకుండా ఉండాలని వేసిన అంకెలు ఇరవై కిలోమీటర్ల దూరానికి కూడా సరిపోయాయి. అప్పటి నుంచి మంగళ, గురువారాలు ఫోన్‌లోనే ఆట.

ఈసారి వెళ్లినప్పుడు మనవరాలు పుస్తకం తెచ్చి చూపించింది. చివరి వరస ఇలా ఉంది:

"గురువారం. నీళ్లు 6 గ్లాసులు. తప్పెట పాట నేర్పాడు. పులి-మేకలో తాత ఓడిపోయాడు. మార్కులు 8."